ధ్యానం వేళ మోగని గంట

ఓవెన్ తలుపు తీయగానే నల్లటి పొగ గుప్పున మొహాన కొట్టింది. పదహారు ట్రేల కేకులు బొగ్గులై కూర్చున్నాయి. ఇంకో గంటన్నరలో వాటి కోసం బండి వస్తుంది.

"టైమర్ పెట్టడం మర్చిపోయావు కదూ?" యజమాని అరుపుకి బేకరీ పైకప్పు లేచిపోయేలా ఉంది. "పైగా పందొమ్మిదేళ్ల అనుభవమట! రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదు!"

ఓవెనక్క కొంగుతో పొగ విసురుకుంది. ఆవిడ అసలు పేరు బేకరీలో ఎవరికీ గుర్తులేదు. ఈ వయసులో ఇంకో ఓవెన్ ముందు ఆవిడని ఎవరు నిలబెడతారు?

"పెట్టాను సార్. చూడండి, ముల్లు సున్నా మీదే ఉంది. గోడమీది గంటే మోగలేదు."

"ఏం, నీమీద అలిగిందా?"

క్రీములు పూసే మామ కిసుక్కున నవ్వి, దాన్ని దగ్గులోకి దింపేశాడు.

యజమాని బావమరిది మధ్యలోకొచ్చాడు. మూడు ఉద్యోగాలు ఊడాక ఆయనకి మనశ్శాంతి దొరికింది. అప్పట్నుంచీ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పంచిపెడుతున్నాడు. వారానికోసారి, అదీ పనివేళల్లో, అందరూ కళ్లకు గుడ్డ కట్టుకుని ఇరవై నిమిషాలు నేలమీద కూర్చోవాలి. ఈ క్షణంలోనే ఉండాలి. ఎవరైనా లేస్తే అందరికీ మళ్లీ మొదటి నుంచి ఇరవై నిమిషాలు. చాటున అంతా ఆయన్ని 'ప్రశాంతం' అంటారు.

"కోపం వద్దు బావా. జరిగిపోయింది లేదు. రేపనేదీ లేదు."

"రేపే లేకపోతే, రేపట్నుంచి నేను మానక్కర్లేదుగా బాబూ?" అంది ఓవెనక్క. "మాడు వాసనొస్తోందని ఇందాక ధ్యానం మధ్యలో గొంతు చించుకున్నాను. మీరేమన్నారు?"

ప్రశాంతం నేలచూపులు చూశాడు. "వాసనని గమనించండి, దానికి పేరు పెట్టకండి అన్నాను. అది పద్ధతి."

"గమనించాంలే నాయనా," అంది ప్యాకింగ్ చేసే పిన్ని. "ముందు వెన్న, తర్వాత చక్కెర, ఆఖరికి మా అక్క ఉద్యోగం."

ఓవెనక్క వినడం లేదు. ఆవిడ చూపు గంట కింద ఉన్న స్టూలు మీద పడింది. ఆ స్టూలు ప్యాకింగ్ బల్ల దగ్గరిది. ఇక్కడికెలా నడిచొచ్చింది?

చీర కుచ్చెళ్లు దోపుకుని ఎక్కింది. గంటకీ సుత్తికీ మధ్య మడతలు పెట్టి కుక్కిన గుడ్డ.

"ఎవడా దొంగ?" యజమాని ఊగిపోయాడు. "తేల్చండి! వాణ్ణి ఈ క్షణమే గేటు బయట నిలబెడతాను!"

"ఇది కళ్లకి కట్టుకునే గుడ్డే సార్. అందర్నీ తమతమ గుడ్డలు తీయమనండి."

పనివాళ్లంతా జేబుల్లోంచి, కొంగుల్లోంచి గుడ్డలు తీశారు. అన్నీ మైదా సంచుల పేలికలే. ప్రశాంతం చేతిలో నల్లటి పట్టుగుడ్డ.

ఓవెనక్క చేతిలో ఉన్నది ఊదారంగు మఖమలు. చుట్టూ జరీ అంచు. యజమాని భార్య తన చేత్తో కుట్టింది.

యజమాని కుడి జేబు తడుముకున్నాడు. ఎడమ జేబు తడుముకున్నాడు. మొహంలో రంగు దిగిపోయింది. ధ్యానం ముగిశాక, "ఈరోజే బుర్ర పూర్తిగా ఖాళీ అయింది" అని అందరికీ చెప్పుకుని మురిసిన మనిషి.

"పోయిన వారం సరిగ్గా మనసు కుదిరే వేళకి మోగి చెడగొట్టింది..." గొణిగాడు. "ఇరవై నిమిషాలకే కదా అని... అవగానే తీసేద్దామనే..."

"అక్కా, గమనించండి చాలు," ప్రశాంతం గబగబా అడ్డొచ్చాడు. "పేరు పెట్టకండి."

"పెడతాను బాబూ." ఓవెనక్క స్టూలు దిగలేదు. పందొమ్మిదేళ్లలో మొదటిసారి యజమానిని పైనుంచి కిందికి చూసింది.

"గంట నోరు నొక్కింది మీరే సార్. గేటు అటుంది."