సినిమా కింద దిష్టిచుక్క

మా చంటోడు కేశవ మూడు రోజులుగా రాగిసరి జావ ముట్టడం లేదు. గిన్నె కనిపిస్తే చాలు, తల అటు తిప్పుకుంటాడు. డాక్టరమ్మ చూసి, జ్వరం లేదు, పాలు తాగుతున్నాడు కదా, రెండు రోజులు ఆగి చూద్దాం అంది. ఆగడం నాకు చేతకాని పని. అయినా కారణం నాకు తెలుసు. సరిగ్గా మూడు రోజుల కిందటే సినిమా యూట్యూబ్‌లోకి ఎక్కింది.

తీసినవాడు మా మరిది శివరాజ్, మా ఆయన చిన్నాయన కొడుకు. రాబర్ట్‌సన్‌పేటలో పెళ్లి వీడియోలు తీస్తాడు. పెళ్లిళ్లు లేని నెలలో టెర్రరిస్టుల సినిమా తీశాడు. బంగారు గని మట్టి పోసిన సైనైడ్ గుట్టలే అందులో ఎడారి. హెలికాప్టర్‌కు శబ్దం మాత్రం ఉంటుంది, అందరూ పైకి చూస్తారు. బాంబు మా ఇంటి గోడ గడియారం. మా ఆయన మునేష్ నరసాపురం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి టెర్రరిస్టయ్యేవాడు. మనుషులు చాలక చొక్కా మార్చి ఆయన్నే మూడుసార్లు చంపారు.

మా కేశవ వాళ్లు ఎత్తుకుపోయిన బిడ్డ. రెండు నిమిషాలు కనిపిస్తాడు.

ఆ రోజు వాడి బుగ్గన నేను పెట్టిన దిష్టిచుక్కను శివరాజ్ తడిగుడ్డతో తుడిచేశాడు. "టెర్రరిస్టులు బిడ్డను ఎత్తుకపోయి కాటుక పెడతారా వదినా?" అన్నాడు.

సినిమా కింద జనం రాసినవన్నీ కూర్చుని చదివాను. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన తర్వాత నేను ఇంత చదివింది లేదు.

"నీలం చొక్కా టెర్రరిస్టుకు ఎన్ని ప్రాణాలప్పా?"

"బాంబు మీద చీరల కొట్టు పేరు కనపడతా ఉండాది."

ఇవి చదివి నవ్వుకున్నాను. ఆ తర్వాతివే గుండెల్లో పడ్డాయి.

"హీరో ఎత్తుకుంటే ఏడుస్తాడు, టెర్రరిస్టును చూస్తే చేతులు చాపి నవ్వుతాడు. ఏం నటనప్పా ఈ బిడ్డది!"

నటన కాదు. ఆ టెర్రరిస్టు వాడి నాన్నే.

"ఎంత ముద్దుగా ఉండాడో!" "ఆ బుగ్గలు చూడండి!" ఇలాంటివి వందల కొద్దీ ఉన్నాయి. చూసినవాళ్లు పదకొండు వేల మంది. చుక్క లేని నా బిడ్డ మొహాన్ని పదకొండు వేల మంది చూశారు!

మా అత్త వెంకటలక్ష్మమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటుకు మేమందరం దగ్గాం. కేశవ మాత్రం సరి తినలేదు.

"ఈ లైన్ ఇండ్లలో వాళ్ల దిష్టయితే నేను తీస్తాను గాని, పదకొండు వేల మందికి మిరపకాయలు యాడ నుంచి తెచ్చేదమ్మే?" అంది అత్త.

శివరాజ్‌కు ఫోన్ చేశాను. "సినిమాలో వాడి బుగ్గన చిన్న చుక్క పెట్టేయప్పా."

"ఇంగ ఎక్కించేసినాము వదినా. పెట్టేకి కాదు. సుమ్నే ఉండు."

సుమ్నే ఉండమంటే ఊరికే ఎలా ఉంటాను? సినిమాలో పెట్టలేకపోతే సినిమా కింద పెడదామనుకున్నాను. మునేష్ డ్యూటీకి పోయాక ఫోన్ తీసి, దేవుడికి దండం పెట్టుకుని రాశాను: "ఆ బిడ్డ ఏమీ బాగలేడు. ముక్కు చప్పిడి. నటన అసలే రాదు."

రాసి ఏడ్చాను. వాడి ముక్కు మా నాన్న ముక్కు.

అరగంటలో జనం నా మీద పడ్డారు.

"నీకు పిల్లల్లేరా?"

"నీ ముక్కు ఎట్లుండాదో ఫోటో పెట్టు!"

"ఈ బంగారు బిడ్డను అనేకి నోరెట్లొచ్చింది?"

నన్ను తిట్టినవాళ్లంతా కింద ఇంకో మాట వాణ్ణి పొగిడారు. చూసినవాళ్లు పద్నాలుగు వేలయ్యారు. మధ్యాహ్నం కేశవ గిన్నెనే తన్నేశాడు.

"ఏం పని చేస్తివే!" అని అత్త తల పట్టుకుంది.

అప్పుడు గౌనిపల్లి అక్కయమ్మ అట, ఎవరో నాకు తెలియదు, ఇలా రాసింది:

"అందరూ నోర్లు మూసుకోండప్పా. ఆ యమ్మ పేరు పక్కన ఫోటో చూడండి. ఈ బిడ్డే. కన్నతల్లి. దిష్టి తగలకుండా తనే తిట్టుకుంటా ఉండాది. మీకు అమ్మల్లేరా? థూ థూ థూ."

ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చూశాను. నా పేరు పక్కన ఉన్నది కేశవ బొమ్మే. బోసినోటితో నవ్వుతున్నాడు. దొంగతనానికి పోతూ మెడలో పేరు తగిలించుకున్నట్టయింది నా పని.

ఆ తర్వాత ఒకటే థూలు. "క్షమించమ్మా, థూ థూ." "చప్పిడి ముక్కోడు, థూ." తమిళంలో కొన్ని, కన్నడలో కొన్ని. అత్తకు ఒక్కొక్కటీ చదివి వినిపించాను. ఆమె ఒక్కోదానికి కేశవ తల చుట్టూ చెయ్యి తిప్పి మెటికలు విరిచింది. నూటిరవై దాకా తిప్పి, భుజం నొప్పి అని చెయ్యి మార్చింది.

సాయంత్రం శివరాజ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"వదినా, నా కొంప ముంచితివి! బెంగళూరులో సినిమాలు తీసే పెద్దమనిషి ఒకాయన నా సినిమా చూస్తానన్నాడు. తెరిస్తే ఏముండాది? నాలుగు నూర్ల మంది నా సినిమా మీద ఉమ్మేసి ఉండారు!"

"నీ మీద కాదప్పా, వీని మీద," అంది అత్త.

"ఆయనకు ఎట్ల తెలస్తాది పెద్దమ్మా? ఆ ముక్కు మాట తీసేయమను, దాని కింద ఉండేదంతా పోతాది!" అంటూ నోరంతా తెరిచి, చేతులు పైకెత్తి, సినిమాలో లేని హెలికాప్టర్‌ను చూసినట్టు మా ఇంటి కప్పు వైపు చూశాడు.

కేశవ బాబాయి నోట్లోకి చూశాడు. తనూ అలాగే నోరు తెరిచాడు. అత్త చెంచాడు సరి నోట్లో పెట్టేసింది. మింగాడు. మళ్లీ తెరిచాడు.

"తీసేయి వదినా, ఇప్పుడే," అని శివరాజ్ నా ఫోన్ తీసి చేతిలో పెట్టాడు.

నేను ఫోన్ తీసుకుని రవిక లోపల దాచుకున్నాను. "గిన్నె అయిపోనీ. అంతదాకా నువ్వు అట్లే అరస్తా ఉండప్పా."