వారంటీ బెంచీ

లోకేశ్వరి అరవై మూడు వేల నాలుగు వందల రూపాయలతో మొదలుపెట్టింది. పద్దెనిమిది వేలు షాపు అడ్వాన్సుకు, ఇరవై రెండు వేలు ఇనుప బీరువాకు, పదకొండు వేలు కొలిచే పరికరాలకు పోయాయి. మిగిలిన దాంట్లో బోర్డు, ఫ్యాను, ఒక చెక్క బెంచీ కొన్నది.

బెంచీ ఎందుకని ఆ పేటలో, పుదుచ్చేరి సారంలో, ఎవరూ అడగలేదు. తుపాకీ రిపేరుకు వచ్చిందంటే, దాన్ని ఎవరి మీద గురిపెట్టారో వాళ్ళు కూడా వస్తారు. తుపాకీ వెళ్ళేదాకా ఉంటారు. అన్ని రోజులు మనిషిని నిలబెట్టడం మర్యాద కాదు కదా.

తుపాకుల రిపేరు తాత బాలసుబ్రమణ్యం చేసిన పని. ఆయన పోయాక లోకేశ్వరి కోర్సు చదివి, పరీక్ష రాసి, లైసెన్సు తన పేరుకు మార్పించుకుంది. రివాల్వర్లు తయారుచేసే కంపెనీ ఒకదానికి తనే ఉత్తరం రాసి, సర్వీస్ సెంటర్ ఇమ్మని అడిగింది. వాళ్ళు ఆరు నెలల గడువు పెట్టారు. పన్నెండు వారంటీ కేసులు, ఒక్కొక్కటి పదిహేను రోజుల్లోపు తేల్చాలి, ఒక్క తప్పుడు రిపోర్టు కూడా ఉండకూడదు. అప్పుడే పుదుచ్చేరి మొత్తానికి సెంటర్ ఆమెది. అయిదు నెలల్లో పదకొండు కేసులు ముగించింది. సగటున కేసుకు ఆరు రోజులు.

పొద్దున షట్టరు ఎత్తగానే అవ్వ అమ్మాయమ్మ బెంచీ తుడిచి, దాని మీద గ్లాసుడు నీళ్ళు పెడుతుంది. బ్యాంకు కాపలావాళ్ళ తుపాకులు మామూలుగా ఒంటరిగానే వస్తాయి. ఒక నగల వ్యాపారి పిస్తోలుతో వీధికుక్క వచ్చి రెండు రోజులు బెంచీ కింద పడుకుంది. ఒక రిటైర్డ్ మిలిటరీ ఆయన తుపాకీతో తడిబట్టల్లో ముగ్గురు కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళ నీళ్ళు తగ్గలేదు. తగ్గితే బతికున్నవాళ్ళని, తగ్గకపోతే పోయినవాళ్ళని లెక్క.

పన్నెండో కేసు సోమవారం వచ్చింది. విల్లియనూరులో పిండిమిల్లు నడిపే దేవరాజన్ రివాల్వరునూ ప్లాస్టిక్ కవర్లో పెట్టిన వారంటీ కార్డునూ బల్ల మీద పెట్టాడు.

"ఏంపాప, ఇంకా తొమ్మిది దినాలు వారంటీ ఉండాది. తేదీ చూసుకో."

"ఏమైంది సార్?"

"పేల్లేదు. రెండుసార్లు నొక్కినా. టక్కుమంటాది, అంతే."

"దేని మీద నొక్కినారు? ఫారంలో రాయాల."

"ఎలకలు. మిల్లులో ఎలకలు జాస్తి."

అవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తూ తల ఎత్తకుండానే అంది. "ఎలకలైతే ఎలకే గదా నాయనా వచ్చి కూచోవాల?"

అప్పటికే బెంచీ మీద యాభై ఏళ్ళ ఆడమనిషి కూర్చుని ఉంది. ముదురాకుపచ్చ చీర, మోచేతుల దాకా పిండి. ఎదురుగోడ మీది క్యాలెండరును చూస్తోంది. దేవరాజన్ అటు తిరగలేదు.

"ఇట్లా కూచుంటారని చెప్పినార్లే," అన్నాడు చొక్కా కాలరు సర్దుకుంటూ. "గురువారం లోపల కావాల నాకు."

అతను వెళ్ళాక లోకేశ్వరి రివాల్వరు విప్పింది. తూటాను కొట్టే పిన్ను మిల్లీమీటరులో మూడో వంతు పొట్టిగా ఉంది. దేవరాజన్ సాక్ష్యంగా తెచ్చిచ్చిన తూటాల వెనక రెండు చిన్న గుంటలు పడి ఉన్నాయి, దోమ కుట్టినంత. ఫ్యాక్టరీ తప్పే. పిన్ను మార్చడానికి పది నిమిషాలు చాలు. డ్రాయరులో కొత్త పిన్నులు రెండున్నాయి.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. గ్లాసులో నీళ్ళు సగానికి దిగాయి.

"బతికే ఉండాది," అంది అవ్వ.

"పిన్ను పొట్టిదై ఉండాది కాబట్టి."

"నువ్వు పొడుగుది ఏస్తే?"

లోకేశ్వరి డ్రాయరు మూసేసింది.

బుధవారం స్టాకు రిజిస్టరు చూడటానికి ఎస్.ఐ. నరేంద్రన్ వచ్చినప్పుడు, ఆమె బెంచీ వైపు చూపించింది. ఆయన టోపీ తీసి ఆ ఆడమనిషికి నమస్కారం పెట్టాడు. ఆమె క్యాలెండరు మీంచి చూపు తిప్పలేదు.

"బెంచీ మీదోళ్ళను సాక్షులని రాసుకుంటే, కోర్టులో నన్నే ఎక్కించి నిలబెడతారు లోకేశ్వరీ. ఆ యమ్మ తన కాళ్ళతో నడిచొచ్చి నోటితో చెప్తే ఇప్పుడే రాస్తా."

"ఈమె మాట్లాడదు గదా సార్."

"నేను చెప్పేదీ అదే గదా," అని రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆమె ఎవరో వెతుక్కుంటూ పోవడం కుదరదు. బెంచీ మీద చూసింది గడప దాటకూడదని తాత పెట్టిన నియమం. ఒక్కసారి దాటిందంటే ఊళ్ళో ఎవరూ తుపాకీ తీసుకురారని ఆయన అనేవాడు. ఆ నియమం మీదే ఆ వృత్తి నలభై ఏళ్ళు నిలబడింది.

సాయంత్రం లోకేశ్వరి వారంటీ పుస్తకం మొదటినుంచి చదివింది. ఏడో పేజీలో దారి దొరికింది. పిన్ను దూరే రంధ్రం పక్కకి జరిగి ఉంటే తుపాకీ ప్రమాదకరం. రిపేరు చేయకూడదు, యజమానికి తిరిగి ఇవ్వకూడదు. ఫ్యాక్టరీకి పంపితే బదులుగా కొత్తది వస్తుంది. కొత్తదానికి కొత్త నంబరు. నంబరు మారితే లైసెన్సులో ఎక్కించుకోవాలి, దానికి ఇంట్లో పెద్దవాళ్ళందరూ అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి.

కొలిచే పరికరం మీద అయిదు గీతల వరకు జరిగి ఉన్నా ఫరవాలేదు, అంతకు మించితేనే ప్రమాదం. ఆమె కొలిచింది. నాలుగు. మళ్ళీ కొలిచింది. నాలుగు. మూడోసారి తుడిచి, ఊపిరి బిగబట్టి కొలిచినా నాలుగే.

జీవితంలో పావలా కూడా మార్చి రాయని పిల్ల. ఫారంలో ఆరు అని రాసింది. ఫ్యాక్టరీలో మళ్ళీ కొలుస్తారు. అప్పుడు పన్నెండోది పోతుంది, దాంతోపాటు ముందరి పదకొండూ పోతాయి. అది తెలిసే రాసి, కింద సంతకం పెట్టి, రివాల్వరును పెట్టెలో పెట్టి సీలు వేసింది.

గురువారం దేవరాజన్ వచ్చాడు. కొత్తది వస్తుందనగానే నవ్వాడు.

"ఇది కదా కంపెనీ అంటే. ఎన్ని దినాలు?"

"రెండు నెలలు. ఈ కాగితంలో ఇంట్లోవాళ్ళు సంతకాలు పెట్టాల సార్. పెద్దవాళ్ళు ఎంతమంది?"

నవ్వు ఆగింది. "నేను, మా అక్క మరగతం."

దేవరాజన్ అప్పుడు మొదటిసారి బెంచీ వైపు చూశాడు, చాలాసేపు, బరువు తూచే కాటా ముల్లును చూసినట్టు.

"కొత్తదీ వద్దు, ఏందీ వద్దు. నాది నాకిచ్చేయ్."

"సీలు వేసేసినాను. ప్రమాదమని రాసినాక తిరిగి ఇచ్చేదానికి లేదు."

"మిల్లు ఎవరి పేరు మీద ఉండాదో తెలుసునా నీకు? మా నాయన ఎవరికి రాసిపెట్టి పోయినాడో తెలుసునా?"

"నాకెందుకు సార్ అది."

"అవును, నీకెందుకు," అని కాగితం తీసుకోకుండానే మెట్లు దిగిపోయాడు.

తర్వాతి గురువారం మధ్యాహ్నం కంపెనీ వ్యాను వచ్చింది. పెట్టె ఎక్కించారు, రసీదు ఇచ్చారు. వ్యాను సందు మలుపు తిరిగింది. తుపాకీ వెళ్ళిపోగానే బెంచీ ఖాళీ అవుతుంది. ఎప్పుడూ అంతే. అవ్వ తుడవడానికి గుడ్డ తడిపి తెచ్చి, అక్కడే నిలబడిపోయింది.

మరగతం కదల్లేదు. క్యాలెండరు వైపు చూస్తూ కూర్చునే ఉంది.

"తుపాకీ పోయినా ఈమె పోలేదు," అంది లోకేశ్వరి.

"గురి తుపాకీలో యాడుంటాదే. వాడి కంట్లో గదా ఉండేది." అవ్వ గుడ్డ పిండి మేకుకు తగిలించింది. "మిల్లులో కొడవలి లేదా, కరెంటు వైరు లేదా."

లోకేశ్వరి ఇంకో లెక్క వేసింది. అతను మెట్లు దిగి ఏడు రోజులైంది. విల్లియనూరుకు స్కూటర్ మీద ఇరవై అయిదు నిమిషాలు. ఏడు రోజులూ ఆ ఇరవై అయిదు నిమిషాలను తన దగ్గరే పెట్టుకుని, ఫారం రాసేశాను కదా అనుకుంటూ కూర్చుంది.

"తాత గడప దాటొద్దన్నాడు," అంది.

"మీ తాత చెప్పినవన్నీ నేను విన్నానా ఏంది. పో."

తాళం చెవి తీసుకుని బయటికి వచ్చేసరికి మరగతం స్కూటర్ దగ్గర నిలబడి ఉంది. వెనక సీటు మీద కూర్చుంది. స్ప్రింగులు కిర్రుమన్నాయి, టైరు కొంచెం నొక్కుకుంది. దారి పొడుగునా లోకేశ్వరి భుజం మీద ఒక చల్లటి చెయ్యి ఉంది. మలుపుల దగ్గర గట్టిగా పట్టుకునేది. సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన ఆటోవాడు ఆ వెనక సీటు వైపు చూసి, "చెంగు లోపలికి దోపుకోమ్మా, చక్రంలో పడతాది," అన్నాడు.

మిల్లులో యంత్రం ఆడుతోంది. దేవరాజన్ మోటారుసైకిలు బయట లేదు. లోపల ముదురాకుపచ్చ చీరలో మరగతం గోతాం మూతి కుడుతోంది. వాకిట్లో స్కూటర్ ఆగిన చప్పుడుకు తలెత్తి, లోకేశ్వరిని చూసి, ఆమె వెనక దిగుతున్న మనిషిని చూసింది. సూది గోతానికే గుచ్చి వదిలేసింది. లేచి యంత్రం ఆపింది. మిల్లు నిశ్శబ్దమయ్యాక ఆమె గొంతు పెద్దగా వినిపించింది.

"ఎన్ని దినాలు కూచున్నాను మీ కాడ?"

"పదకొండు."

"నువ్వే గదా బాగుచేసే పిల్లవు? ఇప్పుడా వచ్చేది?"

లోకేశ్వరి గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"సరి, పోనీ. రెండుసార్లు నొక్కినాడు. నిద్ర పోతాన్నానని అనుకున్నాడు. నేను కళ్ళు మూసుకుని లెక్కపెట్టినా. తమ్ముడు, ఎవరికని చెప్పేది? ఆ పొద్దునుంచీ సగం మనిషిగానే తిరగతాండా ఈ మిల్లులో." చేతులు దులుపుకుంది. "ఎవరు రాసుకుంటారు?"

"నరేంద్రన్ సార్. నువ్వు నోటితో చెప్తే ఇప్పుడే రాస్తానన్నాడత్తా."

మరగతం చెప్పులు వేసుకుంది. తలుపు దగ్గరికి వేసి, తాళం కప్ప నొక్కి, చెవి నడుములో దోపుకుంది. వాకిట్లో నిలబడిన రెండో ఆమె పక్కగా నడిచి వచ్చింది. లోకేశ్వరి ఫోను జేబులో మోగింది, కంపెనీ నంబరు. ఆమె తీయలేదు. స్కూటర్‌ను స్టేషన్ వైపు తిప్పి, వెనక వాళ్ళకు చోటు చాలేలా సీటు మీద ముందుకు జరిగి కూర్చుంది.