పుస్తకం తెరిచిన డాక్టరు

పిల్ల తుమ్మినా గుండె జారిపోయే మనిషి మంగళవాడ ఓబక్క. అట్లాంటిది ఆరేళ్ల కూతురు యశోద చొంగ కారుస్తూ, చెమటలో తడిసి కళ్లు తేలేస్తే ఇక చెప్పాలా! మొగుడు సంజీవప్ప, ఆడబిడ్డ రంగక్క వెంట రాగా పొద్దున బస్సుకే కన్నడ సీమలోని పావగడ ఆస్పత్రికి వచ్చి పడింది.

డాక్టరు హొన్నూరప్ప కుర్రవాడు. పిల్ల కనురెప్పలు ఎత్తి చూశాడు. కంటిపాపలు ఆవగింజంత అయిపోయాయి.

"ఏం తినిందమ్మా?"

"రాత్రి సంగటి, ఊరిబిండి. అంతే సార్."

"పురుగుమందు ఏమన్నా నోట్లో పెట్టుకునిందా?"

"అయ్యో దేవుడా! అది అటక మీద ఉంటాది సార్."

చేనికి పోయిందా, నీళ్లు యాడివి తాగింది, ఇంట్లో ఇంకెవరికన్నా ఇట్లయిందా అని అడుగుతూనే ఉన్నాడు. ఓబక్కకు ఏడుపొచ్చింది. రోగం తెలిసినవాడు ఇన్ని అడుగుతాడా?

ఆయన వంగి పిల్ల తల వాసన చూశాడు. "తలకేం పెట్టినావు?"

"పేలకు సార్. చెనిక్కాయ చేనికి పురుగు పడితే చల్లే పొడి. అందరూ పెట్టేదే. నిన్న రుద్ది గుడ్డ కట్టినా."

"ముందే చెప్పకూడదా తల్లీ!"

"తినిందేందని అడిగితిరి గాని, తల గురించి అడగలేదే సార్."

"నిజమే. అడగాల్సింది," అన్నాడాయన. నర్సు దాసమ్మ చేత పిల్ల తలను సబ్బునీళ్లతో కడిగిస్తూనే ఒక సూది వేసి, సంజీవప్ప వైపు తిరిగాడు. "ఆ పొడి పేరేంది?"

"పేరు తెలీదు సార్. బస్టాండు కాడ అంగట్లో తెచ్చినా."

"పరిగెత్తు. అట్లాంటి ప్యాకెట్టే పట్టుకురా. ఇంకో సూది ఉండాది. అది కొన్ని పురుగుమందుల విషానికే పనిచేస్తాది."

ప్యాకెట్టు వచ్చింది. దాని మీది అక్షరాలు చదివి, బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసి, మంచం పక్కనే కూర్చుని వేలు పెట్టి వెతకసాగాడు.

రంగక్క ఓబక్కను గిల్లింది. "చూస్తివా వదినా? పరీక్షకు కూర్చున్నట్టు ఉండాడు. సంతపేట సూదాయనైతే మాట్లాడకుండా గుచ్చి పంపిస్తాడు. ఎత్తుకో పిల్లను."

ఓబక్క చేతులు పిల్ల వీపు కిందికి పోయాయి.

అప్పుడే డాక్టరు ఫోను దగ్గరికి వెళ్లాడు. లైను కోసం అరిచి అరిచి, తనకు పాఠం చెప్పిన పెద్ద డాక్టరును పట్టుకున్నాడు. కన్నడంలోనే అయినా ఓబక్కకు ప్రతి మాటా అర్థమైంది. "నాకు తెలియదు సార్. ఇంత చిన్నపిల్లకు ఎంత ఇవ్వాలి? పుస్తకంలో పెద్దవాళ్లకే ఉంది."

వార్డంతా వింటోంది. అంత చదువుకున్నాయన ఈ పిల్ల కోసం, నాకు తెలియదని నలుగురిలో గొంతు చించుకుంటున్నాడు. ఓబక్క చేతులు వెనక్కి తీసుకుంది.

"ఉండు రంగక్కా. ఆయప్ప కనుక్కోనీ."

పెద్ద డాక్టరు చెప్పిన లెక్కన రెండో సూది పడింది. మధ్యాహ్నానికి చొంగ ఆగింది. యశోద కళ్లు తెరిచి, "అమ్మా, ఆకలి," అంది.

డాక్టరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఇప్పుడు చెప్పమ్మా. ఈ పొడి మీ ఊళ్లో ఇంకెవరు పెడతారు?"

ఓబక్క దిగ్గున లేచింది. "పక్కింటి కాటయ్య బిడ్డకు ఈ పొద్దు పెడతామన్నారు సార్! ఏమయ్యా, నిలబడినావేంది? బస్సెక్కు!"

"నా మాట ఎవరు వింటారే?" అన్నాడు సంజీవప్ప.

"నీ మాట కాదు. తెలీకుంటే తెలీదనే డాక్టరు చెప్పినాడని చెప్పు. వింటారు."