శవం లేని ఏడుపు

జయంతికి కావలసింది ఒక్క ఏడుపు. అలాంటిలాంటి ఏడుపు కాదు. ఐర్లండ్ పల్లెల్లో చావింట శవం పక్కన కూర్చుని, పోయినవాడి పేరూ గుణాలూ చెబుతూ రాగం తీసి ఏడ్చే ఏడుపు. ఆ ఆచారాన్ని చర్చి ఫాదర్లు మానిపించారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, మన భాష మన కళ అంటూ లేచిన డబ్లిన్ పెద్దమనుషులు దాన్నే స్టేజీ ఎక్కించారు. బోస్టన్‌లో జయంతి చేస్తున్న పరిశోధన ఆ తగువు మీదే. "పేపర్ కటింగులు చాలు, గొంతు ఏదీ?" అన్నాడు ప్రొఫెసర్. 1982 మే లోపల ఆ గొంతు దొరక్కపోతే ఫెలోషిప్ పోతుంది, దాని వెనకే వీసా పోతుంది.

ఆ గొంతు మిగిలింది హానా డొనవన్ ఒక్కదానికే. తొంభై దాటిన మనిషి, ఐర్లండ్ నుంచి వలస వచ్చి బోస్టన్ చివర నర్సింగ్ హోమ్‌లో ఉంటోంది. జయంతి మామ్మా అని పిలిస్తే ముచ్చటపడి పలికేది. ఏమడిగినా చెప్పేది, ఏడవమంటే మాత్రం ససేమిరా అనేది.

"మా అమ్మని డబ్లిన్ తీసుకెళ్లి స్టేజీ మీద ఏడిపించారు. బహుమతి కూడా ఇచ్చారు. తిరిగి ఇంటికొచ్చేసరికి ఉయ్యాల్లో తమ్ముడు లేడు. శవం లేకుండా ఏడిస్తే ఆ ఏడుపు ఊరుకోదు పిల్లా. శవాన్ని వెతుక్కుంటుంది."

చదువుకున్న పిల్ల కదా, జయంతి ఆ మాటని శ్రద్ధగా రాసుకుంది గాని నమ్మలేదు. ఏప్రిల్ వచ్చేసరికి ఆమెకు నిద్రా తిండీ కరువయ్యాయి. ఒక మధ్యాహ్నం టేప్‌రికార్డర్ బల్ల మీద పెట్టి, తల వంచుకుని, "మామ్మా, మా నాన్న పోయారు" అంది. వేరే పేరు చెప్పొచ్చు. కాని ఆ ఏడుపుకి ఒక మనిషి అలవాట్లు కావాలి. జయంతికి అంతగా తెలిసిన మనిషి నాన్న ఒక్కడే.

"పేరు?"

"కొండల్ రావు."

"నీకేం చేసేవాడు?"

"బత్తాయి తొనల మీద తెల్లపొర వలిచి నోట్లో పెట్టేవారు."

హానా ఆమె తల ఒళ్లోకి లాక్కుని, కళ్లు మూసుకుని ఏడుపు ఎత్తుకుంది. ఐరిష్ మాటల మధ్య కొండల్ రావు, కొండల్ రావు అని జయంతికి వినబడుతోంది. ఆపమనాలి. ఆపమనలేదు. టేప్ తిరుగుతూనే ఉంది.

మరుసటి ఆదివారం వెళ్తే హానా ఒక కార్డు చేతిలో పెట్టింది. "ఫాదర్ చేత మీ నాన్న ఆత్మకి ప్రార్థన చేయించాను. ఇది మీ అమ్మకి పంపు."

కార్డు మీద శిలువ, దాని కింద "స్వర్గస్థుడైన కొండల్ రావు" అని రాసుంది. ఖమ్మంలో ఉన్న అమ్మ, ఆమె నుదుటిన రూపాయంత బొట్టు జయంతికి కళ్ల ముందు మెదిలాయి. ఈ కార్డు ఆ గడప తొక్కడమా! మంచం పక్కనే కూలబడింది.

"అబద్ధం చెప్పాను మామ్మా. నాన్న బతికే ఉన్నారు."

జయంతి సంచిలోంచి క్యాసెట్ తీసి, టేపంతా బయటికి లాగి, ముక్కలుగా తెంపి పారేసింది. తన చదువును తానే తెంపుకుంటున్నానని తెలుసు, అయినా చేతులు ఆగలేదు.

"ఇదిగో, లేదు. పోయింది."

"ఏడ్చింది టేపు కాదు కదమ్మా, నేను" అంది హానా. తెగిన టేపు ముక్కల్ని చూస్తూ, "మీ నాన్న వయసెంత?" అని అడిగింది.

"అరవై."

"చిన్నవాడే."

ఆ సాయంత్రం నర్సు తెచ్చిన సూప్ హానా ముట్టలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. డాక్టర్లు వయసు మీద పడిందన్నారు. ఆ ఏడుపు నాన్నని వెతుక్కోకుండా మామ్మ తానే దానికి శవం కాబోతోందని జయంతి ఒక్కతికే తెలుసు, చెబితే ఎవరు నమ్ముతారు? కాళ్లు పట్టుకుంది, ఏడ్చింది, ఒట్లు పెట్టింది. చివరికి దుకాణంలో దొరికిన నారింజలు తెచ్చి, ఒక్కో తొన మీద తెల్లపొర వలిచి, ఆ ఎండిన పెదవుల దగ్గర పెట్టింది.

"ఒక్కటి మామ్మా. నా కోసం."

హానా ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపింది.

"ఇది నువ్వు మీ నాన్న చేత్తో తిను" అని గోడవైపు తిరిగి పడుకుంది.