కొలత రోజు నిండిన బావి

కొలత టేపు బావిలోకి దిగుతుంటే ఆ ఊరి కోడలు కోసే గట్టు మీంచి వంగి చూసింది. నీళ్ళు అడుగంటాయని ఇవాళ తేలితే గనివాళ్ళు ఊరికి మంచినీళ్ళ పైపు వేయాలి. తేలకపోతే వచ్చే ఎండాకాలం దాకా అడిగే దిక్కుండదు. గుట్ట అవతల బొగ్గు గనిలో పంపులు భూమిలోని ఊటంతా తోడి వాగులో పారబోస్తున్నాయి. ఇవతల బావి ఎండుతోంది. ఈ కొలత కోసం కోసే భోపాలపట్నం సర్కారు ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది.

అక్కణ్ణించి కొలవడానికి వచ్చిన భానుశ్రీ కిరందుల్ టౌన్‌షిప్‌లో పెరిగిన ఆంధ్రా పిల్ల. నీళ్ళు తగలగానే కూసే టేపు ఆమెది. అది తొందరగానే కూసింది.

"నీళ్ళు బానే ఉన్నాయండీ. ఈ కొలతకి పైపు రాదు," అంది భానుశ్రీ.

కోసే బావిలోకి తొంగి చూసింది. "నిన్న పొద్దుమూకినంక బకెట్‌ల బురద తప్ప ఏం రాలే మేడమ్! ఇదేంది?"

బకెట్ వేసి తోడింది. నీళ్ళ అడుగున నల్లటి బొగ్గు నలుసులు. అవి వాగులోవే, బావిలో ఏనాడూ లేవు. కోసే వెనక్కి తిరిగేసరికి ఆడవాళ్ళంతా నేలచూపులు చూస్తున్నారు. అత్త ముయె ఒక్కతే తలెత్తుకుని నిలబడింది.

"అత్తా, వాగు నీళ్ళు పోసిండ్రా?"

"పోసినం. అయితే ఏంది? చుట్టమొస్తే ఎండిన బాయి చూపిస్తమా? నిన్ను మా పిల్లగానికి అడిగిన కరువు ఏడు గూడ గిట్లనే నింపినం. నిండు బాయి చూసే మీ అయ్య పిల్లనిచ్చిండు."

తెల్లవారుజామున నడుములు విరిగేలా మోసి, ఊరి పరువు కాపాడామని మురిసిపోతున్నారు మహాతల్లులు! కోసేకు ఒళ్ళు మండిపోయింది.

"నోటిమాట రాయలేనండీ," భానుశ్రీ ఇబ్బందిగా అంది. "పోసినవన్నీ తోడెయ్యండి. ఊట ఎంత వస్తుందో చూసి రాస్తాను. చీకటి పడకముందే మేం పోలీసు క్యాంపు దాటాలి, త్వరగా."

జీపు డ్రైవర్ అప్పుడే హారన్ కొడుతున్నాడు. కోసే తోడటం మొదలుపెట్టింది. సాయానికి ఒక్కరూ కదల్లేదు. నీళ్ళు నేలపాలైనప్పుడల్లా ఎవరో ఒకరు అయ్యో అంటున్నారు. అరచేతులు బొబ్బలెక్కుతున్నా బావిలో ఇంకా నీళ్ళే.

ముయె వచ్చి తాడు పట్టుకుంది. "చుట్టం ముందట ఊరి బట్టలిప్పుతవా? సిగ్గు లేదా?"

"సిగ్గు తాగి బతుకుతమా అత్తా? గా మేడమ్ గాడీ ఎక్కి పోతది. రేపటి సంది మన పిల్లలకు గీ బొగ్గు నీళ్ళే పోస్తవా?"

ముయె తాడు వదల్లేదు. హారన్ మళ్ళీ మోగింది. అంతలో ఆమె బకెట్‌లోని నల్ల నలుసుల వంక చూసి, తాడును తన వైపు లాక్కుని, తానే తోడసాగింది. అది చూసి మిగతావాళ్ళూ కొంగులు దోపుకుని వచ్చారు.

చివరికి బురద వచ్చింది. ఎంతసేపు చూసినా ఊట మాత్రం రాలేదు. ఆ బురద బకెట్‌ను ముయె తానే మోసుకెళ్ళి భానుశ్రీ కాళ్ళ దగ్గర పెట్టింది.

"రాసుకో బిడ్డా. మా ఊర్ల నీళ్ళు లెవ్వు."

ఏ చుట్టంతోనూ ఆమె ఏనాడూ ఆ మాట అని ఎరగదు. అనేసి, కొంగుతో ముఖం కప్పుకుంది. పైపు వస్తుందన్న సంతోషం కోసేకు ఏ మూలా లేదు. అత్త చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.