మంగళవారం పులి

మా ఆయన భానుప్రకాశ్‌కు తెలియని విషయం ఈ లోకంలో లేదు. మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీలో అడ్మిషన్లు చూస్తాడు. పొద్దస్తమానం తల్లిదండ్రులను ఎదురుగా కూర్చోబెట్టుకుని వాళ్ళ పిల్లల భవిష్యత్తు చెప్పీ చెప్పీ, ఇంట్లోనూ అదే గొంతుతో మాట్లాడతాడు. కూరలో ఉప్పు గురించి కూడా.

ఈ మధ్య కొత్త కారు కొన్నాడు. కారు కొన్నవాడికి దాన్ని చూడ్డానికి మనుషులు కావాలి. కుప్పంలో ఉండే వాళ్ళక్క హేమలత, బావ చెంగల్రాయుడు అందుకు సరిగ్గా సరిపోయారు. చెంగల్రాయుడన్నకు రైల్వేలో ఉద్యోగం. ఒక పెళ్ళిలో నలుగురి ముందర "ఇంకా స్కూటర్లోనే తిరగతాండావా భానూ?" అన్నాడంట. ఆ మాట ఈయనకు చేపముల్లులా గొంతులో ఉండిపోయింది.

మా మేఘనకు ఏడేళ్ళు. పులిని చూడాలని ఏడాదిగా అడుగుతోంది. అట్లా కారు ప్రదర్శన కాస్తా బన్నేరుఘట్ట నేషనల్ పార్కు యాత్ర అయింది. చింతామణి మీదుగా సూటిగా పోయే దారి ఉండగా, పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం చుట్టి పోవాలని తీర్మానించాడు. బిడ్డేమో పులి కోసం, ఆయనేమో బావ కోసం.

బయల్దేరే ముందే చెప్పాను. "మంగళవారం ఆ పార్కుకు సెలవంట. ఫోన్లో సూసినా. బుధవారం పోదామా?"

"మంగళవారం సెలవేంది మే? ఆదివారమంటే అర్థముండాది. గమ్మునుండు, నాకు తెల్సు."

సోమవారం మధ్యాహ్నం కదిలాం. పుంగనూరులో టీ కోసం ఆగి, సగం రోడ్డుకు అడ్డంగా కారు పెట్టాడు. వెనక బస్సువాడు హారన్ కొడితే, "కార్లు సూసిన మొగాలు కావు" అని గొణిగాడు. అక్కణ్ణుంచి కదిలాక ఒక ఇరుకు కల్వర్టు దగ్గర టమాటా ట్రేలతో నిండిన వ్యాను మాకంటే ముందే సగం దాకా వచ్చేసింది. ఈయన లైట్లు కొట్టి దాన్ని వెనక్కి పంపించాడు.

"వాళ్ళే ముందొచ్చినారు గదా నాన్నా?" అంది మేఘన.

"టమాటాలకేం తొందర పాపా?"

ఎండకు కుళ్ళేవి టమాటాలే గానీ కార్లు కావని ఈయనకు ఎవరు చెప్పాలి?

కుప్పంలో చెంగల్రాయుడన్న చేతులు వెనక్కి కట్టుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "బాగుండాది. ఏం రంగిది, బూడిదా?" అన్నాడు.

"మెటాలిక్ గ్రే, బావా."

"అదే, బూడిద."

రాత్రంతా మా ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లారి మేము బయల్దేరుతుంటే చెంగల్రాయుడన్న గేటు దగ్గర నిలబడి, నవ్వుతూ చెయ్యి ఊపాడు.

కృష్ణగిరి, హోసూరు దాటి పార్కు చేరేసరికి గేటుకు తాళం వేసి ఉంది. మంగళవారం సెలవని పెద్ద బోర్డు. మా ఆయన దానికేసి చూసి కూడా హారన్ కొట్టాడు. నీడలో కుర్చీ వేసుకున్న సెక్యూరిటీ అతను లేవకుండానే, "ఇవత్తు రజా, సార్" అని కన్నడంలో ఈరోజు సెలవన్నాడు. ఈయన దిగిపోయి, తను ఆంధ్రా నుంచి వచ్చానని, కాలేజీలో పెద్ద హోదాలో ఉన్నానని తెలుగులో చెప్పాడు. అతను మళ్ళీ అదే మాటన్నాడు. ఈయన ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ఒక్కరూ ఎత్తలేదు.

తిరిగొచ్చి స్టీరింగ్ ముందు కూర్చుని, "ఈళ్ళకు ఒక పద్ధతి లేదు" అన్నాడు. నాకేసి చూడలేదు. పొరబాటయిందనే మాట ఆ నోట్లో ఎన్నడూ పుట్టలేదు, ఇప్పుడూ పుట్టలేదు.

మేఘన ఏడుపు మొదలుపెట్టింది. గేటు పక్కన ఉన్న సిమెంటు పులి దగ్గర దాన్ని నిలబెట్టి ఫోటో తీశాడు. ఏడుపు మొహం కనిపించకుండా పక్కకు తిరగమన్నాడు. హోసూరులో ఐస్‌క్రీం కొనిచ్చి పాఠం మొదలుపెట్టాడు.

"అత్తోళ్ళింట్లో పులిని సూసినామని సెప్పల్ల, సరేనా? లేకుంటే మామ నవ్వుతాడు."

"బిడ్డకేం నేర్పిస్తాండావు?" అన్నాను.

"ఒక్క పులికేమైతాది మే? గమ్మునుండు."

ఆ సాయంత్రం తిరిగి కుప్పం చేరాక హేమలత వదిన రాగిసంగటి, నాటుకోడి పులుసు చేసి అందరికీ వడ్డించింది. ఈయన రెండు ముద్దలు మింగాడో లేదో అందుకున్నాడు. "బండి అట్ల తిరగంగనే బావా, పొదలోనుంచి ఇంతెత్తు పులి!"

"మగదా, ఆడదా?" అన్నాడు చెంగల్రాయుడన్న, ఎముక కొరుకుతూ.

"మగది."

"రెండు పిల్లలు గూడా ఉండాయి మామా!" అంది మేఘన. "ఒకటి కిటికీ కాడికొచ్చి నా చెయ్యి నాకింది. ఈడ."

చెయ్యి చాపి చోటు కూడా చూపించింది. మాట తడబడలేదు. ఒక్కో అబద్ధం చెప్పి, ఎదుటివాళ్ళు నమ్మారా లేదా అని ఓరగా చూస్తోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. అడ్మిషన్లకు వచ్చినవాళ్ళను ఈయన చూసే చూపు అది. ఈయన మొహంలో దాన్ని చూసీ చూసీ నాకు రోత కూడా పాతబడిపోయింది. నా బిడ్డ మొహంలో కనిపించేసరికి చేతిలో ముద్ద కంచంలో వదిలేశాను. ఈయన మాత్రం మురిసిపోతూ నాకు కన్ను కొట్టాడు.

నేను చెయ్యి కడుక్కున్నాను. "పార్కు మూసిండాది వదినా. మంగళవారం సెలవు. మేము సూసింది సిమెంటు పులిని."

మా ఆయన సంగటి ముద్దను అట్లే నొక్కుతూ కూర్చున్నాడు. చివరికి చెంగల్రాయుడన్న పెద్దగా నవ్వాడు.

"నాకు తెల్సమ్మా! పొద్దున్నే సెప్దామనుకున్న్యా. మావాడు కారు తిప్పిన బింకం సూసి, పోయి రానీలే అని ఊరకున్న్యా."

మేఘన నవ్వలేదు. "మామకు తెల్సా? తెల్సి యాల సెప్పలా?" అని నన్నడిగింది.

ఒక పెద్దమనిషి నా మాట వినక తీసుకుపోయాడు. ఇంకో పెద్దమనిషి తెలిసీ నవ్వుకోవడానికి పంపించాడు. వీళ్ళ పౌరుషాల మధ్య ఒక పసిబిడ్డ దినమంతా కార్లో వాంతి ఆపుకుంటూ కూర్చుంది.

పులుసు గిన్నె పట్టుకుని నిలబడిన వదిన దాన్ని ఠక్కున కింద పెట్టింది. "థూ! మీ ఇద్దరి మొగాలకు సిమెంటు పులి గూడా ఎక్కువే" అంది. నావైపు తిరిగి, "రేపు రైల్లో పోదాం తేజా. బిడ్డా, నువ్వూ, నేనూ" అంది.

బుధవారం పొద్దున ముగ్గురం బెంగళూరు రైలెక్కాం. తలనొప్పిగా ఉందని ఈయన దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

సఫారీ బస్సు ఆగినచోట, చెట్టు కింద పులి మాకు వీపు పెట్టి పడుకుని ఉంది. దాని మీద ఈగలు ముసురుతున్నాయి. మేఘన చాలాసేపు చూసింది.

"కదల్లేదు గదమ్మా. నాకేసి సూడను గూడా లేదు."

"దానికి మనతో ఏం పని?"

"నేను సెప్పిన పులే బాగుండె."

వదిన నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "బాగుండెలే. కానీ ఇది నిజంగా ఉండాది" అన్నాను.

బస్సు కదలబోతుంటే పులి లేచింది. ఒళ్ళు విరుచుకుని, మావైపు తిరిగి ఆవులించింది. మేఘన నా చెయ్యి పట్టుకున్న పట్టుకు గోళ్ళు దిగాయి.

వదినను కుప్పం రైలెక్కించి మేమిద్దరం బస్సులో మదనపల్లె చేరేటప్పటికి ఈయన ముందే కారులో వచ్చేసి సోఫాలో కూర్చుని ఉన్నాడు. నన్నేమీ అడగలేదు. బిడ్డను దగ్గరికి పిలిచాడు.

"పులి అగుపడిందా పాపా?"

"పండుకోనుండె. లేసింది. ఆవులించింది."

"అంతేనా? ఇంగ రోంత కలిపి సెప్పల్ల పాపా. అట్ల సెప్తే ఎవురింటారు?"

"అట్లనే సూసినా నాన్నా" అని, మేఘన బూట్లు విప్పుకోవడానికి గడపలో కూర్చుంది.