రింగున్న రీలు

వెంకటకృష్ణారావు పాత సినిమా రీళ్లు పోగేసి గుట్టుగా అమ్ముకుంటున్నాడని పక్కింటి సంపూర్ణమ్మ పాలవాడితో అన్నదట. పాలవాడు ఆ మాటలోనూ కాసిని నీళ్లు కలిపి తెచ్చి శివపార్వతి గుమ్మంలో పోశాడు.

శివపార్వతికి నవ్వు రాలేదు. సినిమా రీళ్లయితే ఒక పూటైనా పొద్దుపోయేది. తన మొగుడివి కంప్యూటర్ టేపులు. ఉద్యోగంలో ఉండగా దివిసీమ పొలాల్లో ఉప్పు ఎక్కడెంత పైకి తేలిందో ఊరూరా కొలిపించి ఎక్కించిన సర్వే. ఆఫీసువాళ్లు మూలన పడేస్తే ఇంటికి మోసుకొచ్చి బీరువాలో పెట్టాడు. అప్పట్నుంచీ ఆమె పట్టుచీరలు ట్రంకుపెట్టెలో కలరా ఉండలతో కాపురం చేస్తున్నాయి.

ఇన్నాళ్లకి మురుగు కాలవలు బాగుచేసే ఇంజనీర్లకు ఆ లెక్కలు కావలసొచ్చాయి. డిస్కులో ఎక్కించి ఇస్తే సర్వే మీద ఆయన పేరే వేస్తామన్నారు. ఇక ఆయన కాళ్లు నేలమీద ఆనితే ఒట్టు.

పాత టేపుల్లోవి కొత్తవాటిలోకి ఎక్కించే బ్లెస్సీ దుకాణం పటమటలో ఉంది. ఆటోలో వెళ్లారిద్దరూ. రీళ్ల మూట ఆమె ఒళ్లో, గొప్పలు ఆయన నోట్లో.

"నేరుగా డిస్కులోకి వద్దమ్మాయ్. ముందు క్యాట్రిడ్జి టేపులోకి ఒక కాపీ తియ్యి. మీ కాలం సరుకుని నమ్మలేం" అన్నాడు.

"అలాగేనండి" అంటూ బ్లెస్సీ ఒక రీలు తిరగేసి చూసింది. "ఇదేంటండీ, వెనక ప్లాస్టిక్ రింగు ఉంచేశారు? ఇదుంటే మిషను పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. దాచుకునే రీలుకి తీసేస్తారు కదండీ."

"తీసే ఉంచాడు మా ఆపరేటరు శౌరయ్య. బోసిగా ఉందని నేనే అన్నిటికీ పెట్టించా. రింగు లేని రీలు, మెట్టె లేని కాలూ ఒకటేనమ్మా" అన్నాడు, శాస్త్రం చెప్పినట్టు.

బ్లెస్సీ రీలు మిషనుకి తగిలించింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వరస కట్టాయి. అందులో సర్వే చేసిన నాగాయలంక లేదు, కోడూరు లేదు. మృగశిర, మూడో పాదం. కుజదోషం ఉంది. వరుడిది రాక్షస గణం.

"ఇవి జాతకాలండీ" అంది. ఇంకో రీలు పెట్టింది. అందులోనూ అవే. మూట ఖాళీ అయ్యేదాకా అవే.

వెంకటకృష్ణారావు మొహం మాడిన అట్టులా అయింది. "నా సర్వే తుడిచి జాతకాలు రాసిన వెధవెవడు? ఆ శౌరయ్యే అయ్యుంటాడు. వాడి మీద నాకు మొదట్నుంచీ అనుమానమే."

శివపార్వతి ఖాళీ గుడ్డ మడతపెట్టుకుంది.

"చర్చికెళ్లే మనిషికి కుజదోషంతో ఏం పనండీ? మా చెల్లెలి కూతురి సంబంధానికి కంప్యూటర్ జాతకమైతే తప్పు పోదని, చుట్టాల పిల్లలందరికీ కలిపి ఆఫీసులో వేయించింది మీరే. ఆ సంబంధమూ నిలవలేదు."